రక్తం సీసా పెట్టే ముందు: బాసగూడ దారిలో గుండె పరీక్ష



మా గురువుగారి స్మారకార్థం ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నేను గుండె పరీక్షను విషయంగా తీసుకున్నాను. రోగి మంచం పక్కన నిలబడి కళ్ళతో, చేతులతో, స్టెతస్కోపుతో చేసే పరీక్ష గురించే మాట్లాడతాను. ఆయన మాకు వార్డులో రోజూ నేర్పింది అదే. అయితే ఆ పరీక్షను వైద్య కళాశాల వార్డులో కాకుండా బాసగూడ లాంటి చోట నిలబెట్టి చూడాలని నా కోరిక. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది ఆ ఊరి రోగులను చూసినవాళ్ళే.

బాసగూడ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఉసూర్ బ్లాకులో తల్పేరు ఒడ్డున ఉంది. ఆ నీళ్ళే మన చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టులో నిలిచి, ఆ తర్వాత గోదావరిలో కలుస్తాయి. అక్కడ దోర్లా, కోయ మాటలు వినిపిస్తాయి, తెలుగూ హిందీ కూడా నడుస్తాయి. ఒకప్పుడు ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు చేతులు మారే పెద్ద సంత అది. 2005 జూన్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం అనే సాయుధ దళాల ఉద్యమం మొదలయ్యాక ఆ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. బాసగూడా చెదిరిపోయింది. కొందరిని శిబిరాల్లోకి తరలించారు, కొందరు అడవి దాటి ఇటు చర్ల, వెంకటాపురం వైపు వచ్చేశారు. మనం గుత్తికోయలు అని పిలిచే కుటుంబాల్లో ఎంతోమంది అలా వచ్చినవాళ్ళే. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. కొన్ని కుటుంబాలు తిరిగి వెళ్ళాయి, కొన్ని ఇక్కడే ఉండిపోయాయి, ఇంకొన్ని ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఈ చరిత్రంతా గుండె పరీక్షకు ఎందుకంటారా? మన చెవికి అందే గుండె జబ్బుల్లో ఇక్కడ ముఖ్యమైనది రుమాటిక్ గుండె జబ్బు. అది ఇరుకు గదుల్లో, ఒకరి ఊపిరి ఒకరికి తగిలే చోట పెరుగుతుంది. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది, దానంతట అదే తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకు కొందరిలో జ్వరం, ఒక కీలు తగ్గితే ఇంకో కీలు వాపు మొదలవుతాయి. సూక్ష్మజీవి మీద శరీరం ఎత్తిన ఆయుధం తన గుండె కవాటాల మీదికే తిరుగుతుంది. కీళ్ళు బాగుపడతాయి. కవాటాలు మాత్రం మచ్చపడి, అంచులు అతుక్కుని, ఏళ్ళ తరబడి బిగుసుకుంటూ పోతాయి. దీన్ని ఆపే మందు నెలనెలా వేసే పెన్సిలిన్ సూది. నివాసమే నిలకడగా లేని బిడ్డకు నెలనెలా సూది ఎవరు వేస్తారు? అందుకే చరిత్ర చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. అయొడిన్ లోపం మీద ఆయన చేసిన పని అందరికీ తెలుసు. 1963లో లాన్సెట్ పత్రికలో సుజయ్ రాయ్, ఇతర సహచరులతో కలిసి ఆయన పేరున వచ్చిన ఒక వ్యాసం మాత్రం మన విద్యార్థుల్లో కొద్దిమందికే తెలుసు. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకు కావడానికి రుమాటిక్ జ్వరం తర్వాత దశాబ్దాలు పడుతుందని పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు చెబుతున్న కాలం అది. మన దేశంలో ఇరవై ఏళ్ళు నిండని పిల్లల్లోనే ఆ కవాటం తీవ్రంగా ఇరుకైపోతోందని ఆ వ్యాసం ప్రపంచానికి చూపించింది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆయాసమంటూ వచ్చినప్పుడు ఈ వయసులో గుండె జబ్బేమిటని అనుకునే డాక్టరు ఆ వ్యాసం చదివి తీరాలి.

ఇప్పుడు పరీక్షలోకి వస్తాను. కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే తొందరలో పోయేది ఇక్కడే.

అటువైపు నుంచి వచ్చిన ఒక గర్భిణి సంగతి చెబుతాను. ఏడో నెల. చేతిలో చీటీ ఉంది: రక్తం తక్కువ, ఎక్కించాలి. కనురెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి ఉంది, ఆ మాట నిజమే. మంచం పక్కన రక్తం సీసా కోసం స్టాండు కూడా పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి బిడ్డా ఆయాసం?" అన్నాను.

"ఈ నెల ఎక్కువైంది సారూ. పండుకుంటే ఊపిరాడతలేదు. లేసి కూసుంటే జర మంచిగుంటది."

వెంట వచ్చిన అత్తను అడిగాను, చిన్నప్పుడేమైనా జబ్బు చేసిందా అని.

"దానికి చిన్నప్పుడు మోకాళ్ళు, మడిమలు వాచినయట సారూ. నెల దినాలు మంచం దిగలేదంట. వాళ్ళ అమ్మ చెప్పింది."

ఈ రెండు జవాబులతోనే పరీక్ష సగం అయిపోయింది. రక్తహీనత ఉన్నవాళ్ళకు నడిస్తే ఆయాసం రావచ్చు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడమంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. చిన్నప్పటి కీళ్ళ వాపు దానికి కారణం ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తోంది.

తర్వాత చెయ్యి. నాడి చూసేటప్పుడు చాలామంది లెక్క మీదే ధ్యాస పెడతారు. నేను ముందు లయ చూడమంటాను. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఏ క్రమమూ లేకపోతే, ఒకరు మణికట్టు దగ్గర, మరొకరు స్టెతస్కోపుతో గుండె మీద, ఒకే నిమిషం, ఒకే గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. గుండె దగ్గర నూట ఇరవై, మణికట్టు దగ్గర తొంభై వచ్చిందనుకోండి, కొట్టుకున్న దెబ్బల్లో కొన్ని చేతిదాకా రావడం లేదని అర్థం. పైగది వణుకుతోంది, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. దానికి ఈసీజీ యంత్రం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ ఇది నేర్పితే చక్కగా చేస్తారు.

మెడ చూడాలి. వీపు కింద దిండ్లు పెట్టి నలభై అయిదు డిగ్రీల వాలులో పడుకోబెట్టి, తల కొంచెం పక్కకు తిప్పించి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూసుకుంటే సిర కొట్టుకోవడం కనిపిస్తుంది. రొమ్ముఎముక మీద చేతికి తగిలే ఎత్తు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు దాటి పైకి వెళ్తే గుండె కుడివైపు ఒత్తిడి పెరిగినట్టు. కిటికీ వెలుతురు చాలు. ట్యూబులైటు నెత్తిమీద ఉంటే మాత్రం ఏమీ కనపడదు.

ఆ తర్వాత అరచెయ్యి ఛాతీ మీద. గుండె కొస మామూలుగా అయిదో పక్కటెముకల సందులో, మెడఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీదో లోపలో తగులుతుంది. గదులు పెరిగితే అది బయటికీ కిందికీ జరుగుతుంది. మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు స్థానం అంతగా మారదు, దెబ్బ తీరు మారుతుంది. పొట్టిగా, టక్కున వేలికి తగులుతుంది. అరచేతి అడుగుభాగాన్ని రొమ్ముఎముక ఎడమ అంచున ఆనిస్తే, ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగినవాళ్ళలో ఆ చోటు చేతిని పైకి నెడుతుంది. అది తగిలిందంటే జబ్బు చాలా దూరం వచ్చిందని గురువుగారు చెప్పేవారు. ఆయన విద్యార్థుల చేతులు పట్టుకుని ఆ చోట పెట్టించేవారు, తగిలిందని వాళ్ళు అనేదాకా వదిలేవారు కారు.

ఇప్పుడు స్టెతస్కోపు. 1816లో పారిస్‌లో రెనె లెన్నెక్ ఒక యువతిని పరీక్షించాల్సి వచ్చి, ఆమె ఛాతీ మీద చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. అలా పుట్టిన పరికరం ఇది. స్త్రీ మర్యాద కాపాడాలన్న ఆలోచన దాని పుట్టుకలోనే ఉంది. మన దగ్గర అదే మర్యాద పేరుతో చీర మీద నుంచే విని పంపించేస్తున్నారు. బట్ట రాపిడి చప్పుడుకు కింది స్థాయి శబ్దాలన్నీ మునిగిపోతాయి. పక్కన నర్సమ్మను నిలబెట్టండి, అడ్డంగా దుప్పటి పట్టించండి, ఏం చేయబోతున్నారో ముందే ఆమె భాషలో చెప్పించండి. చెప్పి చేస్తే ఏ ఆడబిడ్డా వద్దనదు.

వెల్లకిలా పడుకున్న మనిషిలో ఈ జబ్బు చాలాసార్లు దొరకదు. ఎడమ పక్కకు తిప్పాలి. గుండె కొస ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడే గంట ఆకారపు వైపు తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే కింద చర్మం బిగుసుకుని తోలు మూతలా తయారవుతుంది, అప్పుడు మనం వెతుకుతున్న శబ్దమే పోతుంది. ఊపిరి వదిలి కాసేపు ఆపమనాలి. గదిలో అందరినీ నిశ్శబ్దంగా ఉండమనాలి. ఫ్యాను ఆపాలి. ఎడమచేతి వేళ్ళు మెడ పక్క ధమని మీద ఉండాలి, ఆ దెబ్బతోపాటు వినపడేది మొదటి చప్పుడు. ఈ ఒక్క అలవాటు లేకపోతే మిగతా వినికిడంతా ఊహే.

ఆ గర్భిణిలో మొదటి చప్పుడు గట్టిగా, తలుపు వేసినట్టు వినిపించింది. రెండో చప్పుడు. దాని వెంటే ఒక చిన్న టిక్కు, అతుక్కున్న కవాటం తెరుచుకునేటప్పుడు బిగిసి ఆగిన చప్పుడు. ఆ తర్వాత చాలా కింది స్థాయిలో గరగర, మళ్ళీ మొదటి చప్పుడు దాకా సాగి, చివర్లో పెరిగింది. చెవి కన్నా వేలే ముందు పట్టుకుంది దాన్ని. అక్కడ చిన్న అదురు ఉంది.

ఇప్పుడు ఆ స్టాండు మీదికి సీసా ఎక్కించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. గర్భంతో రక్తం పరిమాణం దాదాపు సగం దాకా పెరుగుతుంది. ఏడు, ఎనిమిది నెలల మధ్య ఆ భారం తారస్థాయికి వస్తుంది. గుండె వేగం కూడా పెరుగుతుంది. ఇరుకైన కవాటం గుండా రక్తం కిందికి దిగడానికి ఉన్న సమయం గుండె సడలే ఘడియ ఒక్కటే. వేగం పెరిగితే ఆ ఘడియ కుదించుకుపోతుంది. దిగలేని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. దాని మీద గబగబా ఒక సీసా రక్తమో, సెలైనో ఎక్కిస్తే ఆమె మంచం మీదే తన ఊపిరిలో తానే మునిగిపోతుంది. రక్తహీనతే ప్రాణం తీసిందని రికార్డులో రాస్తారు. ఇంకెవరూ ఆ కవాటం సంగతి తెలుసుకోరు.

ఆ అమ్మాయికి గుండె వేగం తగ్గించే మాత్ర, నీరు తీసే సూది ఇచ్చి, తల ఎత్తుగా పెట్టి, రక్తకణాలు మాత్రం చాలా నెమ్మదిగా, ఒకరు పక్కనే కూర్చుని చూస్తుండగా ఎక్కించి, పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ బెలూన్‌తో కవాటాన్ని విప్పారు. జపాన్ డాక్టర్ కాంజీ ఇనౌయే 1984లో ప్రపంచానికి అందించిన పద్ధతి ఇది. ఛాతీ కోయకుండా తొడ దగ్గరి సిర నుంచే చేస్తారు, గర్భంతో ఉన్నా తగిన జాగ్రత్తలతో చేయవచ్చు. తల్లీ బిడ్డా బాగున్నారు.

అందుకే నా కోరిక ఒక్కటే. ఏజెన్సీలో ఏ గర్భిణికైనా రక్తం సీసా పెట్టే ముందు ఆమెను ఎడమ పక్కకు తిప్పి, గంటవైపు ఆనించి, రెండో చప్పుడు తర్వాత ఏముందో వినండి. ఇందుకు పట్టేది రెండు నిమిషాలు.

రెండో చప్పుడు తర్వాత అని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. బాసగూడ ఉన్న బస్తర్ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉంది, మలేరియా ఉంది, తిండి చాలదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ మొదలుపెట్టింది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. ఇవి జరగాల్సిన పనులే. అవి జరుగుతుండగా కూడా పిల్లల్లో రక్తం పలుచగానే ఉంటుంది. పలుచని రక్తం వేగంగా పరుగెత్తితే, ఏ జబ్బూ లేని గుండెలో కూడా మొదటి చప్పుడుకూ రెండో చప్పుడుకూ మధ్య మెత్తని గాలిశబ్దం వినిపిస్తుంది. బాసగూడ వైపు నుంచి వచ్చిన పిల్లలను వరసగా వింటే ఈ శబ్దం ఎంతోమందిలో ఉంటుంది. అందరికీ గుండెలో రంధ్రం అని రాసి పంపితే ఆ తల్లిదండ్రులు ఉన్న ఒక్క ఎద్దునూ అమ్ముకుంటారు. ఎవరికీ ఏమీ లేదని ఊరుకుంటే నిజంగా కవాటం కారుతున్న బిడ్డ వాళ్ళలో కలిసిపోతాడు.

తేడా పట్టడానికి దారులున్నాయి. రక్తహీనత శబ్దం మెత్తగా, పొట్టిగా, రొమ్ముఎముక పక్కన ఉంటుంది, చేతికి అదురు తగలదు. మైట్రల్ కవాటం కారుతుంటే శబ్దం మొదటి చప్పుడు నుంచి రెండోదాకా తెగకుండా సాగి చంక వైపు పరుగెడుతుంది. అనుమానం ఉంటే ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి, నట్టల మందు వేసి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ వినాలి. రక్తహీనత మొదటి చప్పుడును కూడా గట్టిపరుస్తుంది కాబట్టి అదొక్కటే పట్టుకుని మైట్రల్ ఇరుకు అని తేల్చకూడదు. రెండో చప్పుడు తర్వాత గరగర వినిపిస్తే మాత్రం దాన్ని ఎప్పుడూ మామూలే అని వదలకూడదు. మెడ సిరల హోరు ఒక్కటే దీనికి మినహాయింపు. అది ఆగకుండా సాగుతుంది, మెడ మీద వేలు నొక్కినా బిడ్డను పడుకోబెట్టినా మాయమవుతుంది. బృహద్ధమని కవాటం కారుతుంటే శబ్దం సన్నగా, ఊదినట్టు, రెండో చప్పుడుకు అంటుకునే మొదలవుతుంది. దానికోసం కూర్చోబెట్టి, ముందుకు వంచి, ఊపిరి పూర్తిగా వదిలించి, ఈసారి చదును వైపు గట్టిగా నొక్కి, రొమ్ముఎముక ఎడమ అంచున వినాలి.

కీళ్ళనొప్పుల దగ్గరా ఇలాంటి చిక్కే. సికిల్ సెల్ బిడ్డకూ జ్వరం, నొప్పులు వస్తాయి. కాకపోతే అవి ఎక్కువగా ఎముకల్లో, నడుములో, వీపులో పీకుతాయి, చిన్నపిల్లల్లో చేతులు కాళ్ళు వాస్తాయి. రుమాటిక్ జ్వరంలో పెద్ద కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తాయి, ముట్టుకోనివ్వవు, ఆస్పిరిన్‌కు ఆశ్చర్యపోయేంత తొందరగా తగ్గుతాయి. ఒకే బిడ్డకు రెండూ ఉండవచ్చు. సికిల్ అని కార్డు ఉంది కదా అని స్టెతస్కోపు జేబులోనే ఉంచుకునేవాళ్ళ కోసం ఈ మాట చెబుతున్నాను.

ఈ పరీక్షకు హద్దులున్నాయి, వాటిని దాచడం గురువుగారికి నచ్చేది కాదు. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల్లో జరిపిన అధ్యయనం 2007లో వచ్చింది. స్టెతస్కోపుతో వెయ్యి మందిలో రెండుకు కాస్త పైన దొరికితే, గుండెను తెర మీద చూపే ఎకో యంత్రంతో కంబోడియాలో 21.5, మొజాంబిక్‌లో 30.4 చొప్పున దొరికాయి. అంటే చెవికి అందని తొలిదశ పదింతలు. అలాంటి తొలిదశ పిల్లలకు పెన్సిలిన్ ఇస్తే ఉపయోగమా అన్నది ఉగాండాలో 818 మంది మీద పరీక్షించి 2021లో ప్రచురించారు. రెండేళ్ళలో సూది వేసుకున్నవాళ్ళలో 0.8 శాతం మందికి జబ్బు ముదిరింది, వేసుకోనివాళ్ళలో 8.2 శాతం మందికి. చేతిలో పట్టే ఎకో పరికరాలు వచ్చాయి, అవి బాసగూడ దాకా రావాలి, అందుకు మనమంతా గట్టిగా అడగాలి. బడిపిల్లల్లో జబ్బును ముందుగా వెతకడం స్టెతస్కోపుకు అప్పగించాల్సిన పని కాదు. ఆయాసంతో మన ముందు కూర్చున్న మనిషి దగ్గర దాని పని దానిదే, ఆ క్షణంలో ఎకో యంత్రం ఇంకా బీజాపూర్‌లోనో ఖమ్మంలోనో ఉంటుంది.

విన్నాక చేయాల్సింది ఇంకా ఉంది, నిజానికి అసలు పని అదే. బెంజథీన్ పెన్సిలిన్, పెద్దవాళ్ళకు 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకు అందులో సగం, మూడు లేదా నాలుగు వారాలకోసారి, పిరుదు కండలోకి. కవాటం దెబ్బతిన్నవాళ్ళకు కనీసం పదేళ్ళు లేదా నలభై ఏళ్ళ వయసు దాకా, ఏది ఎక్కువైతే అది. సూది నొప్పి ఎక్కువ, పొడి చిక్కగా ఉండి సూదిలో అడ్డుపడుతుంది. చాలాచోట్ల రియాక్షన్ భయంతో అసలు వేయడమే మానేశారు. ప్రాణాపాయమైన ఎలర్జీ నిజానికి చాలా అరుదు. సూది తర్వాత జరిగిన కొన్ని మరణాలు ఎలర్జీ వల్ల కాక, అప్పటికే కవాటాలు బాగా పాడై గుండె బలహీనమైనవాళ్ళు ఆ నొప్పికీ కంగారుకూ తట్టుకోలేకపోవడం వల్ల కావచ్చునని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో సూచించింది. అంత తీవ్రమైన జబ్బున్నవాళ్ళకు పెన్సిలిన్ మాత్రలే మేలంది. మిగతావాళ్ళకు సూదే. పడుకోబెట్టి, ఏదైనా తినిపించి, నెమ్మదిగా వేసి, కాసేపు కూర్చోబెట్టి పంపాలి. ఇక్కడ కూడా గుండె పరీక్షే దారి చూపిస్తుంది. ఎవరికి సూది, ఎవరికి మాత్ర అన్నది ఆయాసం, మెడ సిర, కాళ్ళ వాపు చూసినవాళ్ళే చెప్పగలరు.

చివరగా కాగితం సంగతి. బాసగూడ బిడ్డ ఒక నెల ఉసూర్‌లో ఉంటుంది, మిరపకాయ కోతలకు తల్లితో ఇటు వచ్చి రెండు నెలలు చర్లలో ఉంటుంది. ఇక్కడి చీటీ తెలుగులోనో ఇంగ్లీషులోనో, అక్కడిది హిందీలో. కాగితం మీద ఆయుష్మాన్ ఆరోగ్య బీమా కార్డు ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది, తెలంగాణ 2021లో చేరింది. సూది తేదీ మాత్రం ఏ కార్డులోనూ ఉండదు. కాబట్టి మీరు రాసే చీటీలో ఈ నాలుగూ ఉండేలా చూడండి. ఏ చోట విన్నారు, రెండో చప్పుడుకు ముందా తర్వాతా, నాడి లయ తప్పిందా లేదా, మళ్ళీ సూది ఏ తేదీకి. తేదీని అంకెల్లో పెద్దగా రాయండి, ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్త పని చేసే మితానిన్ అక్క చదవగలిగేలా. ఆ పక్కనే హిందీలో ఒక్క వాక్యం, తెలుగులో ఒక్క వాక్యం. మన భద్రాచలం, చర్ల, వెంకటాపురం ఆస్పత్రులూ అటు ఉసూర్, బీజాపూర్ ఆస్పత్రులూ ఒకే నమూనా కార్డు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదనుకుంటాను. ఈ సభ అయ్యాక అటువైపు నుంచి వచ్చినవాళ్ళతో కూర్చుని ఆ కార్డు ముసాయిదా రాయాలని నా ఆశ. తెల్లకాగితాలు, పెన్నులు వెనక బల్ల మీద పెట్టించాను. దయచేసి ఒక గంట ఆగండి.